సోల్వెయిగ్ గోడ

గురువారం సాయంత్రం ఐదింటికి సోల్వెయిగ్ బట్టలు ఉతుక్కుంటుంది. స్టాక్‌హోమ్‌లో మా బిల్డింగ్ మొత్తానికీ కింద ఒకటే ఉతికే గది. బోర్డు మీద ఎవరి తాళం వాళ్ళు పెట్టుకుని టైము ఖాయం చేసుకోవాలి. దొంగతనమైనా క్షమిస్తారు గానీ, ఇంకొకళ్ళ టైములో మిషను తిప్పితే మాత్రం క్షమించరు.

మిషను తిరుగుతుండగా పైకొచ్చి, టేపు పెట్టి గోడ కొలుస్తుంది. ఆమెది అద్దెకి ఒక్కటే గది. మంచం, పొయ్యి, కిటికీ, అంతే. మా బిల్డింగ్‌లో గోడలు ఎవరికి బెంగ తక్కువో వాళ్ళ వైపు జరుగుతాయి లెండి. కూతురు తిల్డా ఆరేళ్ళుగా ఉత్తరాన ఎక్కడో కిరునా ఊళ్ళో తండ్రి దగ్గరుంది. ఆగస్టులో ఇక్కడ కాలేజీలో చేరాలి.

"నేనెక్కడ పడుకోను మమ్మా, నీ సింకులోనా?" అంది ఫోన్లో.

అప్పట్నుంచి గోడ పక్కింటి రాగ్నార్ వైపు జరుగుతూనే ఉంది. రెండో మంచం పట్టాలంటే ఇంకో జానెడు చాలు.

"తీస్కో, నాకెవరొస్తారు గనక," అనేవాడు రాగ్నార్, సోఫా ఇవతలకి లాక్కుంటూ.

జులైలో ఒక గురువారం ఆమె కిందికెళ్తే, మిషన్లో రాగ్నార్ దుప్పట్లు తిరుగుతున్నాయి. ఆయనది మంగళవారం. ఇరవయ్యేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. పైకొచ్చి కొలిస్తే గోడ నాలుగు వేళ్ళు వెనక్కొచ్చేసింది.

వెళ్ళి తలుపు కొట్టింది.

"నా టైమూ నీకే, నా గోడా నీకేనా?"

రాగ్నార్ ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. బల్ల మీద రెండు కప్పులు.

"రోజు తప్పాను సోల్వెయిగ్. ఈ మధ్య నాకు వారంలో గురువారం ఒక్కటే గుర్తుంటోంది. నీ టేపు చప్పుడు వినిపించే రోజు."

"నా కూతురికి మంచం పట్టదు రాగ్నార్."

"తెలుసు. బెంగ ఆపుకుందామనే చూశాను. నావల్ల కాలేదు."

ఆమె లోపలికొచ్చి తలుపేసింది. బల్ల దగ్గర కూర్చుని, చల్లారిన కాఫీ తాగింది. ఇంకో కప్పు పోయించుకుంది.

ఆ తర్వాత ఇటు బెంగా అటు బెంగా నెడుతుంటే, గోడ ఎటూ పోలేక సన్నబడింది. అట్టలా అయింది, కాగితంలా అయింది, ఒక బుధవారం పొద్దున్నకి లేదు.

ఆగస్టులో తిల్డా పెట్టెతో వచ్చింది. తల్లి తలుపుకి లోపల బీరువా అడ్డంగా ఉందని, పక్క తలుపు కొట్టమని మేమే చెప్పాం. ఆ తలుపు మీద ఉత్తరాలు వేసే సందు పైన మూడు పేర్లు. మూడోది తనదే.

"మమ్మా, చోటు వెతికింది నాకా, నీకా?"

"గోడనడుగుదామంటే అదీ లేదు," అంది సోల్వెయిగ్, పెట్టె లోపలికి లాగుతూ.