అమ్మ చెయ్యి తగిలిన కోట్లు

ఆ లాండ్రీ రోజూ పొద్దున్న ఆరున్నరకి తెరుచుకుంటుంది. కూతురు షట్టరు ఎత్తుతుంది. వెనకాలే అమ్మ లోపలికొచ్చి ముందు ఇస్త్రీ పెట్టె వైరు ఎక్కడైనా చిట్లిందేమో చూస్తుంది, తర్వాత బల్ల మీది దుప్పటి ముడతలు చేత్తో సర్దుతుంది, ఆ తర్వాతే కూతురి మొహం చూస్తుంది. పాతికేళ్ళుగా ఇదే వరస. మొదటి ఇరవై ఒక్క ఏళ్ళూ ఆ మొహం చూసి, "ఏం, నిద్ర సరిపోలేదా?" అనేది. ఈమధ్య అదే మొహం చూసి, "సాయంత్రానికి ఇచ్చేస్తామమ్మా, చీటీ మాత్రం పారేసుకోకు" అంటోంది.

ఆవిడకి మతిమరుపు మొదలై నాలుగేళ్ళు. డిమెన్షియా అన్నారు డాక్టర్లు. అయితే ఆవిడ మర్చిపోయింది గాలికి పోయేది కాదు. ఆ పూట ఇస్త్రీ చేస్తున్న బట్టల్లోకి దిగేది. వేసుకున్నవాళ్ళకి అది గుర్తొచ్చేది, మళ్ళీ ఉతికేదాకా ఉండేది. వీధిలో అందరికీ ఇది తెలుసు. గంజి ఎక్కువైందనో బొత్తాం ఊడిందనో చెప్పినట్టే ఇదీ చెప్పేవాళ్ళు.

"మొన్నటి చొక్కాలో మీ అమ్మగారు నది ఈదారండీ" అన్నాడు ఒకసారి బస్సు డ్రైవరు. "నాకు ఈత రాదు గానీ భలేగా ఉంది. కాలరు దగ్గర మాత్రం గంజి కొంచెం తగ్గించండి."

పక్క సందులో ఉండే టీచరమ్మకి పెళ్ళి కాలేదు. ఆవిడ నీలం కోటులోకి అమ్మ పెళ్ళి దిగింది. రెండు రోజుల తర్వాత వచ్చి, "మీ నాన్నగారి మీద నాకింకా కోపం పోలేదు" అని చెప్పి కోటు ఉతకడానికి ఇచ్చి వెళ్ళింది.

ఇవన్నీ కూతురు చీటీల వెనక రాసుకుని సాయంత్రం అమ్మకి చదివి వినిపించేది. అమ్మ చెంపకి చెయ్యి ఆనించుకుని వినేది. "ఎవరో గానీ గట్టి మనిషే" అనేది మెచ్చుకోలుగా. కూతురికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చేవి. రెంటిలో ఏది ముందో తేల్చుకోలేక లేచి వెళ్ళి షట్టరు దించేది.

నాలుగు నెలల కిందట అమ్మ దగ్గర గుర్తుల సరుకు అడుగంటింది. నదులూ పెళ్ళిళ్ళూ ఆగిపోయాయి. బట్టల్లోకి ఒట్టి అయోమయం దిగడం మొదలైంది. బస్సు డ్రైవరు పట్టపగలు నాలుగు రోడ్ల మధ్యన బస్సు ఆపి, వెనక్కి తిరిగి, "మనం ఎటు పోతున్నామండీ?" అని ప్రయాణికుల్నే అడిగాడు. తలొక దారీ చెప్పేసరికి స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చుండిపోయాడట. టీచరమ్మ బడి మధ్యలో పిల్లల పక్కన బెంచీ మీద సర్దుకుని కూర్చుని, అమ్మ ఇంకా రాలేదేమని దిక్కులు చూసిందట. ఇద్దరూ మర్యాదస్తులు, అరవలేదు. బట్టలు మడతపెట్టి తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఈసారి ఇందులో ఏమీ లేదండీ" అన్నాడు డ్రైవరు, మొహం చిన్నబుచ్చుకుని. "ఏమీ లేకపోవడం ఒక్కటే ఉంది. నాకు బస్సులో నలభై మంది ఉంటారు కదా."

ఆ రోజే కూతురు అమ్మ ఇస్త్రీ పెట్టెకి వైరు పీకేసింది. ఇంట్లోవే పాత దుప్పట్లు నాలుగు తెచ్చి ముందు పడేసింది. అమ్మ ఆ చల్లటి పెట్టెతోనే అవే దుప్పట్లు పొద్దస్తమానం రుద్దేది. గిరాకీ బట్టలన్నీ కూతురు ఒక్కతే చేసుకుంది. ఫిర్యాదులు ఆగిపోయాయి. పెట్టె వేడికే మరుపు బట్టల్లోకి దిగుతుందన్నమాట అనుకుంది కూతురు. లాండ్రీలో పుట్టి పెరిగినవాళ్ళకి ప్రతి మంచికీ చెడ్డకీ వేడే కారణంగా కనిపిస్తుంది.

అక్కడితో ఒడ్డున పడ్డానని అనుకుంది గానీ, అమ్మ ఇంటికెళ్దామని మొదలుపెట్టింది.

"ఇంటికెళ్దాం."

"ఇదే ఇల్లమ్మా. కొట్టు వెనకే ఇల్లు. నీ మంచం అదిగో, చూడు."

"అది కాదు, మా ఇంటికి."

"ఇదే మీ ఇల్లు. నేను నీ కూతుర్ని."

రోజుకి వందసార్లు. కూతురు ఫొటోలు చూపించేది, కరెంటు బిల్లు మీద చిరునామా చూపించేది, నెత్తీ నోరూ కొట్టుకునేది. చూపించినకొద్దీ అమ్మ కళ్ళలో బెదురు పెరిగేది. ఒకరోజు పదింటికి, కూతురు మూట విప్పుతుండగా, అమ్మ ఎటో వెళ్ళిపోయింది. రెండు గంటలు వెతికితే, ఎవరిదో ఆగి ఉన్న కారులో వెనక సీట్లో కూర్చుని కనిపించింది, ఇంటికి తీసుకెళ్తారని. అప్పుడు అరిచింది కూతురు, గొంతు చించుకుని. అమ్మ రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది.

కూతురు ఆవిడని ఏనాడూ కొట్టలేదు. అయినా ఆ చేతులు అలా లేచాయి. ఆ రోజు నుంచి కూతురికి అమ్మ తప్పిపోతుందన్న భయం కన్నా, తనంటే తనకే భయం ఎక్కువైంది. ఆసుపత్రి మూడో అంతస్తులో మతిమరుపువాళ్ళ వార్డు ఉంది. అద్దం తలుపు, అంకెలు నొక్కితేనే తెరుచుకుంటుంది. అందులో చేరినవాళ్ళు తప్పిపోరు. ఇళ్ళకీ పోరు. చేర్చడానికి ఒక కాగితం, దాని మీద రెండు సంతకాలు కావాలి, పెద్ద డాక్టరుదీ ఇంటివాళ్ళదీ. మంగళవారం రమ్మన్నారు.

ఆ ఆసుపత్రి తెల్లకోట్లు ఈ లాండ్రీకే వస్తాయి. సోమవారం కూతురు మూడో అంతస్తు కోట్లు పంతొమ్మిదీ ఇస్త్రీ చేసి, కాలరు లోపలి గుర్తులు చూసి వరసగా పేర్చింది. అమ్మ తన దుప్పట్లు వదిలేసి వచ్చింది. పైనున్న కోటు మీద రెండు అరచేతులూ పెట్టి, కాలరు నుంచి అంచుదాకా నెమ్మదిగా రాసింది. జేబులు తట్టి చదును చేసింది. తర్వాత రెండోది. కూతురు వద్దనబోయి, చేతిలో పెట్టె లేదు కదా అని ఊరుకుంది. పంతొమ్మిదీ అయ్యేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ అమ్మ ఒక్కసారి కూడా ఇంటి మాట ఎత్తలేదు. ఇంత నెమ్మదైన మనిషిని రేపు అక్కడ వదిలేసి వస్తానా అనుకుంది కూతురు. బండి వస్తే మూట ఎక్కించి పంపేసింది.

మంగళవారం అమ్మని తీసుకుని మూడో అంతస్తుకి వెళ్ళేసరికి అక్కడంతా గందరగోళంగా ఉంది. బల్ల దగ్గరి నర్సు మోగుతున్న ఫోనుని తిరగేసి మరగేసి చూస్తోంది. కుర్ర డాక్టరొకడు గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి తలుపు మీది పేరు కూడబలుక్కుంటున్నాడు. వార్డు అద్దం తలుపు వెనక ఇద్దరు సిబ్బంది నిలబడి మెల్లగా అద్దం తడుతున్నారు. వార్డులోని ఓ ముసలాయన వాళ్ళ భుజాల మీద చేతులు వేసి, "కాసేపు ఓపిక పట్టండి, వస్తారు" అంటున్నాడు.

పెద్ద డాక్టరు రోగుల బెంచీ చివర ఒదిగి కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో ఫైలు పెట్టుకుని.

"నా వంతు ఎప్పుడండీ?" అని అడిగాడు కూతుర్ని.

హాస్యమాడుతున్నాడనుకుంది. "డాక్టరుగారూ, మేమే మీకోసం వచ్చాం. కాగితం సంతకానికి."

"డాక్టరెవరు?"

"మీరేనండీ. అదిగో మీ గది. తలుపు మీద మీ పేరుంది చూడండి." లేపి చూపించబోయింది. "మెడలో అది చూడండి, అది డాక్టర్లు వేసుకునేదే. పోయిన వారం మీరే కదా మా అమ్మకి పరీక్ష పెట్టారు, ఐదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమని."

ఒక్కో రుజువుకీ ఆయన మరింత గోడవైపు జరిగాడు. చివరికి ఫైలు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కూతురు చూపిస్తున్న చెయ్యి దించేసింది. ఈ పని తను రోజుకి వందసార్లు చేస్తోంది.

అమ్మ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"ఎక్కడికెళ్ళాలి బాబూ?"

"ఇంటికండీ. ఎవరూ పంపట్లేదు."

"వెళ్దాం. నేనూ అటే." అమ్మ జేబురుమాలు తీసి రెండు కొసలు ఆయన చేతికిచ్చింది. "బండి రావాలి కదా. ఈలోగా ఇది పట్టుకో. ఆ, గట్టిగా లాగి పట్టుకో. ఇప్పుడు ఇటు మడత. మీ ఇంట్లో కిటికీ ఎటువైపు?"

"వంటగదిలో ఉందండీ. పొద్దున్నే ఎండ వచ్చేది."

"అయితే మంచి ఇల్లే. ఇప్పుడు మళ్ళీ విప్పు, మొదటినుంచి మడత పెడదాం."

ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ పెట్టాడు. కూతురికి అప్పటిగ్గానీ వెలగలేదు. ఆయన కోటు కాలరు లోపలి గుర్తు తనకి తెలిసినదే. నిన్నటి పంతొమ్మిదిలో ఒకటి. వేడి కాదు, పెట్టె కాదు, ఇన్నేళ్ళూ బట్టల్లోకి దింపింది అమ్మ చెయ్యే. దగ్గరికెళ్ళి, "ఉక్కగా ఉంది, కోటు తీసేద్దామా?" అని నెమ్మదిగా అడిగింది. పిల్లాడిలా చేతులు చాపాడు. తీసేసింది. తర్వాత నర్సుదీ, కుర్ర డాక్టరుదీ, కనపడినవాళ్ళందరివీ ఒక్కొక్కటే విప్పించింది. నర్సు బల్ల కింద కూర్చుని కాసేపు ఏడ్చింది, తర్వాత లేచి ఫోను తీసింది.

కోట్ల సంగతీ అమ్మ చెయ్యి సంగతీ కూతురు చెబుతుంటే విన్నాడు గానీ, పెద్ద డాక్టరు బెంచీ మీంచి లేవలేదు. "అలా ఎంతసేపున్నాను?" అన్నాడు.

"మేమొచ్చి ఇరవై నిమిషాలైందండీ."

"రెండు రోజులనుకున్నాను." అద్దం తలుపు వంక చూశాడు. "దానికి అంకెలు పెట్టించింది నేనే. ఇందాక అక్కడికెళ్ళి నిలబడ్డాను. అంకెలు కనిపిస్తున్నాయి, అవి ఎందుకున్నాయో తెలియట్లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఈ జబ్బు మీద పరిశోధన చేస్తున్నానమ్మా. ఎవరు ఎంత మర్చిపోయారో కొలిచి రాశాను. భయంగా ఉందా అని ఒక్కర్నీ అడగలేదు."

కూతురు కాగితం అలాగే పట్టుకుని నిలబడింది. ఆయన చూశాడు.

"మీరడిగితే ఇప్పుడే సంతకం పెడతాను. తప్పు చేస్తున్నారని అనను. ఒక్కరే ఎన్నాళ్ళని చూస్తారు? వద్దంటారా, వారానికి నాలుగు పూటలు ఇంటికి మనిషిని పంపిస్తాను, మీరు కొట్టు చూసుకోవచ్చు. మంగళవారం మంగళవారం మీ అమ్మగారు ఇక్కడికి రావాలి. మా దగ్గర కొత్తగా చేరే ప్రతి ఒక్కరి కోటుకీ ఆవిడ చెయ్యి తగలాలి. ఒకరోజు అది వేసుకున్నాకే వాళ్ళని రోగుల దగ్గరికి పంపుతాను." విప్పిన తన కోటు అందించాడు. "ఏదైనా గానీ, ముందు ఇది పది నిమిషాలు వేసుకోండి. ఆ తర్వాత మీరెలా అంటే అలా."

కూతురు కోటు అందుకుంది. వేసుకుంది.

పొడుగాటి దారి. తలుపులు. ఎవరో అటూ ఇటూ తిరుగుతున్నారు, అందరికీ ఎక్కడికెళ్ళాలో తెలుసు. తన చేతిలో ఏదో కాగితం ఉంది. దాన్ని ఎవరికో ఇవ్వాలి, ఇవ్వకపోతే తిడతారేమో. చదవబోతే అక్షరాలు పురుగుల్లా ఉన్నాయి. కొట్టు ఎవరు తెరుస్తారు? ఏ కొట్టు? ఎవర్ని పిలవాలో తెలిస్తే పిలిచేది.

పక్కన ఒక ముసలావిడ ఉంది. ఎవరో తెలియదు.

"ఏమ్మా, ఎక్కడికెళ్ళాలి?"

"ఇంటికి" అంది.

"దానికి ఏడుపెందుకు? తీసుకెళ్తాను పద. ముందు అదిలా ఇయ్యి." ముసలావిడ కాగితం తీసుకుని ఒళ్ళో పెట్టి, అరచేత్తో చదును చేసి, సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి తన జేబులో పెట్టుకుంది. ఖాళీ అయిన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. గరుకు చెయ్యి, వేళ్ళ కొసలు కాలి కాలి నున్నబడ్డాయి. ఆ చెయ్యి ఎవరిదో తెలియకపోయినా ఫరవాలేదనిపించింది. అది వదలకుండా ఉంటే చాలు.

ఎవరో భుజాల మీంచి కోటు తీశారు. లాండ్రీ గుర్తొచ్చింది, చీటీలు గుర్తొచ్చాయి, అద్దం తలుపు గుర్తొచ్చింది. అమ్మ ఇంకా చెయ్యి పట్టుకునే ఉంది.

"ఏం చేద్దామంటారు?" అన్నాడు పెద్ద డాక్టరు.

"నన్ను ఇంటికి తీసుకెళ్తానని మాటిచ్చిందండీ" అంది కూతురు, కళ్ళు తుడుచుకుంటూ. "ఎలా కాదనను?"

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చారు. మధ్యాహ్నం ఎండ కొడుతోంది, బస్సులు పోతున్నాయి. అమ్మ అటు చూసింది, ఇటు చూసింది, ఎటూ తోచలేదు. కానీ ఒక తప్పిపోయిన పిల్లని ఇల్లు చేరుస్తానని ఒప్పుకున్న మనిషి, ఆ పెద్దరికం వదల్లేదు.

"మీ ఇల్లు ఎటువైపమ్మా?" అని అడిగింది.

నేను నీ కూతుర్ని అన్న మాట కూతురి నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"ఇటేనండీ, దగ్గరే" అంది. "మీరు తోడుంటే నడిచేస్తాను."