దొరకు చెప్పిన ఇంగ్లీషు

రెండో యుద్ధం జోరుగా సాగుతున్న రోజులు. డేరాల గుడ్డకు పత్తి కావాలని పట్టాళం నుంచి ఒక దొర ఆదోని బజారుకు వస్తున్నాడు. చెన్నకేశవులు శెట్టి పత్తి బేళ్లు నలభై ఆరుబయట పడి ఉన్నాయి. ఆలూరు వైపు మబ్బు కమ్ముతోంది. దొర కాదంటే అవి తడిసి ముద్దవుతాయి, ఏడాది కష్టం గంగపాలు.

నాలుగు ఇంగ్లీషు ముక్కలతో దొరను మెప్పిద్దామని శెట్టి, మొదటి యుద్ధంలో తెల్ల సిపాయిల వెంట బస్రా దాకా కంచరగాడిదలు తోలి వచ్చిన ప్రభుదాసు దగ్గరికి పోయాడు.

"డెక్కో అనల్ల. సూడు అని," అన్నాడు ప్రభుదాసు.

"దేఖో గదప్పా అది. మా వీధి సాయిబులు దినమూ అంటాండారు."

"మనోళ్ళ నోట్లోనుంచే తెల్లోళ్ళ ఇంగ్లీషులోకి పోయింది శెట్టిగారూ. ఇంగ కుషీ. అదీ మన ఖుషీనే. మొదట్లో సుఖమైన పనిని కుషీ అనేటోళ్ళు. లడాయిలో మాత్రం, సావకుండా ఇంటికి పంపించే దెబ్బ కుషీ దెబ్బ అయింది." ప్రభుదాసు తన కుంటికాలు తట్టి చూపించాడు.

శెట్టికి ఒళ్ళు మండింది. "మన పత్తి ఎత్తుకపోయి, గుడ్డ నేసి మల్లా మనకే అమ్మినట్ల ఉందే," అని సణిగాడు. అయినా రెండూ బట్టీ పట్టాడు.

దొర వచ్చాడు. బేలులోంచి దూది పీకి చూసి, తనతో వచ్చిన గుమాస్తా చేత ధర అడిగించాడు. చుట్టూ పోటీ వర్తకులు చెవులు రిక్కించి ఉన్నారు. ధర పైకి చెప్పేవాడు ఆ బజారులో వర్తకుడే కాడు. తువ్వాలు కప్పి, కింద వేళ్లు నొక్కి చెప్పాలి. శెట్టి అలవాటు కొద్దీ దొర చేతిమీద తువ్వాలు వేసి మూడు వేళ్లు గట్టిగా పట్టేశాడు.

దొర మొహం కందగడ్డ అయింది. నేర్చుకున్న ముక్కలన్నీ శెట్టి బుర్రలోంచి ఎగిరిపోయాయి. "పక్కా సరుకు సాబ్, పక్కా సరుకు," అని గబగబా అన్నాడు. వేళ్లు మాత్రం వదల్లేదు.

దొర 'పక్కా!' అని తనూ అని పగలబడి నవ్వాడు. గుమాస్తా తువ్వాలు సంగతి విడమరిచి చెప్పాడు. తర్వాత శెట్టివైపు తిరిగి, "మీ ఇంగ్లీషు బాగుందంటున్నారు దొరగారు. పక్కా అనే మాట వాళ్ళ ఇంగ్లీషులోనూ ఉంది," అన్నాడు. వాన పడకముందే బేళ్లు రైలెక్కాయి.

"నేను నేర్పిన మాటలు పనికొచ్చినాయి గదా," అన్నాడు ప్రభుదాసు ఆ సాయంత్రం.

"యాడొచ్చినాయప్పా. ఒక్కటీ నోట్లోకి రాలేదు. భయానికి మన బజారు మాటే వచ్చింది."

ప్రభుదాసు నవ్వలేదు. "తెల్ల సిపాయి పిల్లోళ్ళు ఈ మాటలు నేర్చుకునిందీ అట్లే శెట్టిగారూ. గుండ్లు పడేటప్పుడు మా పక్కన నక్కి, మా మాటలే అనేటోళ్ళు."