కంచె దగ్గరి గొట్టం

నేను ఒక ఉక్కు గొట్టాన్ని. సముద్రం ఒడ్డున మిల్లులో ఉక్కు పలకను వంచి, అంచులు అతికి నన్ను తయారు చేశారు. నాలాంటి వేల గొట్టాలతో పాటు రైలెక్కించి ఎడారికి పంపారు. సరిహద్దు కంచెకు అవతలి దేశంలో గ్యాస్ ఉంది, ఇవతలి దేశంలో పొయ్యిలున్నాయి. మధ్యలో మేము. గ్యాస్ ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు ఇక కొట్టుకోరని పెద్దలు సభలో చెప్పారు. నేనూ నమ్మాను.

నన్ను పక్క గొట్టానికి అతికినవాడు గుత్తుల సూరన్న, కోనసీమ నుంచి వచ్చిన వెల్డర్. వాళ్ళ ఊళ్ళో పాత గ్యాస్ లైను ఒక ఉదయం పగిలి, కొబ్బరితోటతో పాటు అతని తమ్ముడూ కాలిపోయాడు. అప్పటి నుంచి సూరన్న ఏ అతుకు వేసినా అది చల్లారేదాకా పక్కనే కూర్చునేవాడు.

ప్రారంభోత్సవం నాలుగు రోజుల్లో ఉందనగా నా అతుకు మీద అతనికి అనుమానం వచ్చింది. ఎక్స్‌రే తీయించమని సూపర్‌వైజర్ మూర్తిరాజును అడిగాడు. ఆయనదీ గోదావరి జిల్లానే.

"టైము లేదు సూరన్నా. కాయితం మీద సంతకం పెట్టేసెయ్."

"పెట్టలేనండి. లోపల గాలిబుడగుందండి."

"కనపడని దానికి ఇంత రాద్ధాంతమెందుకయ్యా?"

"మా తమ్ముడిక్కూడా కనపళ్ళేదండి."

మూర్తిరాజు అక్కడికక్కడే అతన్ని పనిలోంచి తీసేశాడు. సూరన్న గ్రైండర్ తీసుకుని తాను వేసిన అతుకును తానే కోసేశాడు. లోపల కందిగింజంత బుడగ ఉంది. మూర్తిరాజు అది చూశాడు. ఇంకొకరిచేత మళ్ళీ అతికించాడు గానీ, బస్సు కోసం ఎండలో నిలబడ్డ సూరన్నను వెనక్కి పిలవలేదు.

అవతలి నుంచి గ్యాస్ వచ్చింది. పదకొండు నెలలు నాలోంచి పారింది. తర్వాత రెండు దేశాలకూ మాటామాటా పెరిగింది. తగవులు రాకుండా వేసిన గొట్టాన్ని నేను. తగవు రాగానే అవతలివాళ్ళు ముందు నా గొంతే నొక్కారు. వాల్వు మూసేశారు. చలికాలంలో ఊళ్ళకు ఊళ్ళు పొయ్యి వెలిగించుకోలేకపోయాయి. ఆ కోపంతో ఇవతలివాళ్ళు తుపాకులు కంచె దాకా తెచ్చారు.

చివరికి నన్ను తవ్వి తీసి, ముక్కలుగా కోసి, సరిహద్దు పల్లెలో పడేశారు. గుండ్లు పడేటప్పుడు జనం నాలో దాక్కుంటారు.

నిన్న మధ్యాహ్నం జమున అనే ఆవిడ చంటిబిడ్డతో నాలోకి పాకి వచ్చింది. గిన్నెలో పాలు వెచ్చబెట్టడానికి నాలుగు పుల్లలు పోగుచేసి అగ్గిపెట్టె తీసింది. పక్కనున్న ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. పొగ కనపడితే అవతలివాళ్ళు ఇటే గురిపెడతారని చెప్పింది.

బిడ్డ చల్లటి పాలే తాగింది.