సత్రమువారి సెలవు

జ్యేష్ఠమాసమున మృగశిరకార్తె కడపటి దినములలో నొకటి రెండు జల్లులకే వేసవితాపమెల్ల మఱచి మెత్తబడిన లంకభూముల నుండి కమ్మని మట్టివాసన లెగయుచుండఁగా, తడిసిన తాటియాకుల చూరులనుండి బొట్టుబొట్టుగా నీరు కాఱుచుండఁగా, నావలియొడ్డునఁ దొలిపడవ కెక్కువారు సరంగును గేకలు వేయుచుండఁగా తెల్లవాఱినది. గన్నేరులంక సత్రమున మాత్ర మా యుదయమున ప్రధానపాచకుని కంఠము వినఁబడలేదు. ఏఁడాదిలో మున్నూటయఱువదినాల్గు దినములు సూర్యునికంటె ముందు లేచి పొయ్యి రాఁజేయు పేరిభొట్లు నాఁడు సెలవు తీసికొనియుండెను.

జమీందారుగారి పూర్వులు బాటసారుల నిమిత్తము కట్టించిన యా సత్రమునఁ బేరిభొట్లు తండ్రి యచ్చిభొట్లు ముప్పదియేండ్లు గరిటె త్రిప్పి కాలము సేయఁగా కొడుకును ఆ గరిటెయే పట్టెను. సత్రము వెనుకనున్న సత్రమువారి యింటనే తల్లి సూరమ్మతోను ఇల్లాలితోను గాపురముండెను. కొలువు పోయెనా యిల్లును బోవును. ఆ సత్రమున సెలవునకుఁ గాగితము లేదు, కలము లేదు. బియ్యము పప్పు నేయి బెల్లము దాఁచు నుగ్రాణపుగది తాళములే సెలవుచీటి. తాళము లెవని యింటనున్న వాఁడు కొలువులో నున్నట్లు. ఆ తాళములను సత్రాధికారి చేతఁ బెట్టెనా, సెలవు దొరకినట్లు. ఎన్నఁడో యెవ్వరో పెట్టిన యీ కట్టుబాటును గాదన్నవాఁడు లేఁడు.

సత్రాధికారి యజ్ఞన్నశాస్త్రి పరాయివాఁడు గాఁడు. తలిదండ్రులు లేక వారములు చేసికొని చదువుకొన్న దినములలో మంగళవారమును శుక్రవారమును అచ్చిభొట్లుగారి యింటనే విస్తరి వేయించుకొని యాఱేండ్లు కడుపునిండఁ దినినవాఁడు. కావుననే పేరిభొట్లు పదిదినములు ముందుగాఁ బోయి తన కోరిక చెప్పుకొనెను.

“శాస్త్రీ, బహుళసప్తమినాడు మా నాయనగారి తొలి ఆబ్దికం. ఆ ఒక్క రోజూ నన్ను వదిలెయ్యాలి.”

“ఎంత మాటన్నావురా పేరీ! ఆయన చేతి అన్నం తిని బతికినవాణ్ణి, ఆయన తద్దినానికి నేను అడ్డొస్తానా? అన్నట్టు, భోక్తల్లో ఒకాయన జ్వరంతో పడుకున్నాడటగా. ఆ స్థానంలో నేను కూర్చుంటాను, సరేనా?”

ఈ మాట విని సూరమ్మ కన్నీరు పెట్టుకొన్నది. తమ యింట వారములు తినిన పిల్లవాఁడు పెద్దవాఁడై తన భర్త స్థానమునఁ గూరుచుండి పిండివంట లారగించునఁట, ఆ ముసలిప్రాణమునకు మఱేమి కావలెను? షష్ఠినాఁటి సాయంకాలము పేరిభొట్లు తాళములను యజ్ఞన్నశాస్త్రి చేతఁబెట్టి నిశ్చింతగా నింటికి వచ్చెను.

సప్తమినాఁ డుదయమున స్నానమాడి తడిబట్టతో మడినీళ్లు తెచ్చికొనుచుండఁగా సత్రపు బంట్రోతు దాలయ్య యొగర్చుచు వచ్చి వాకిట నిలిచెను. వాని చేత నుగ్రాణపు తాళములు గలగలలాడుచుండెను.

“సెలవు రద్దన్నారండి శాస్త్రులుగారు. జమీందారుగారి వియ్యాలారు నలభైమందితో పడవ దిగుతున్నారంటండి. తవఁరు ఉన్నపళంగా వచ్చెయ్యాలంట.”

“దూరం, దూరం! మడిలో ఉన్నానురా. తాళాలు నేను ముట్టుకోకూడదు. భోక్తల్ని పిలిచాక పొయ్యి వదిలి రావడం ఎలా? రాలేనని చెప్పు.”

“ఆ మాటేదో మీరూ మీరూ చూసుకోండి బాబూ, నన్ను మధ్యనెట్టకండి” అని దాలయ్య తాళములను వీథియరుగుమీఁద బడవైచి వచ్చిన దారినే పోయెను. పేరిభొట్లు వానిని వెనుకకుఁ బిలువవలసినది, తాళములను ద్రిప్పి పంపవలసినది. పంపఁడయ్యె! లోపల పరమాన్నము పొంగుచుండెను, మినపపిండి రుబ్బురోలిలో నుండెను, చేతిలో మడినీళ్ల బిందె యుండెను. మడిగట్టుకొన్న బ్రాహ్మణునకుఁ గన్నులెదుట నరుగుమీఁద నున్న యినుపముక్కలు కాశికంటె దూరము గదా. అయ్యో యని యిప్పుడు మన మనుకొని యేమి లాభము?

మిట్టమధ్యాహ్నము కాకమున్నే యజ్ఞన్నశాస్త్రి స్నానముచేసి విభూతి పెట్టుకొని నవ్వుమొగముతో విచ్చేసెను. పేరిభొట్లు వాకిటి కెదురేగి యడిగెను.

“శాస్త్రీ, సెలవు లేదని కబురంపావు. మరి ఇదేమిటి?”

“అదా! వియ్యాలవారి మనుషుల ఎదుట అలా అనకపోతే నా కొలువు ఉంటుందా? అక్కడ నీ కిందివాడు చూసుకుంటాడులే. నేనే వచ్చి నీ ఇంట్లో కూర్చుంటే ఇంకా సెలవేమిటి, రద్దేమిటి? ముందు కాళ్లు కడుగు.”

పేరిభొట్లు ప్రాణము లేచివచ్చెను. పళ్లెములో నతని పాదము లుంచి కడిగి యా నీరు తలపైఁ జల్లుకొని తండ్రి స్థానమునఁ గూర్చుండఁబెట్టెను. అల్లపుపచ్చడియు నువ్వుపొడియు గారెలును పరమాన్నమును వడ్డించుచుండఁగా యజ్ఞన్నశాస్త్రి మాఱువడ్డన లడిగి యడిగి యారగించెను. తుదకుఁ గర్త చేతులు జోడించి తృప్తియైనదా యని విధిప్రకార మడుగఁగాఁ దృప్తి యైనదని భోక్త పలికెను. ఆ పలుకు భోక్త పలుకు గాదు, లోకాంతరముననున్న తండ్రి పలుకని శాస్త్రము. తలుపుచాటున సూరమ్మ “విన్నావుటే, ఆయనకి తృప్తయిందట” అని కోడలితోఁ బదిసారులు చెప్పుకొని మురిసిపోయెను.

తృప్తి యిచ్చట నుండఁగా సత్రమున నేమి జరిగినదో వినుఁడు. ఉగ్రాణమునకుఁ దాళము, తాళములు పేరిభొట్లు నరుగుమీఁద. ఆ సంగతి పంపినవాఁడును మఱచె, ముట్టనివాఁడును మఱచె. తాళము లిచ్చి వచ్చితినని దాలయ్య చెప్పఁగాఁ బేరిభొట్లు వచ్చునని నమ్మి కూర్చున్న క్రింది వంటవాఁడు గిద్దెఁడు బియ్యమైనను దీయలేక చేతులు నలుపుకొనుచుండఁగా నలువదిమంది రెండుజాము లాఁకటితో మాడి తమ మూటలలోని యటుకులు నమిలి మండిపడుచుఁ బడవ యెక్కిపోయిరి. యజ్ఞన్నశాస్త్రి తాంబూలపు టెఱుపుతో సత్రము చేరునప్పటికి మిగిలినది తిట్టు లొక్కటే. ఆ దినమున భోక్త యసత్యమాడినచో శ్రాద్ధమే చెడునని యెఱింగియు నా సాయంకాలమే యతఁడు దివాణమునకు వ్రాసి పంపెను: సెలవు రద్దయినదని తెలిసియు, తాళములు పుచ్చుకొనియు, పేరిభొట్లు ధిక్కరించి కొలువునకు రాలేదని.

నాల్గవనాఁడు కచ్చేరీలో విచారణ. దివాను భావనారాయణపంతులు కఠినుఁడే కాని యన్యాయపరుఁడు గాఁడు. దాలయ్య తాళము లిచ్చి వచ్చితినని నేల చూచుచుఁ జెప్పెను. పేరిభొట్లు మడిసంగతియు, తండ్రి తిథిసంగతియు, పదిదినముల క్రిందటనే సెలవు దొరకిన సంగతియు విన్నవించుకొనెను.

“సెలవనఁగా దివాణమువారి యనుగ్రహము గాని నీ హక్కు గాదు. ఇచ్చినవారు మరలఁ దీసికొనవచ్చును” అని దివాను పలికెను. “అయినను ఒక్కటి యడిగెదను. తాళములు వచ్చిన పిమ్మట నధికారి నీతో మాటలాడి నిన్ను విడిచెనా? విడిచియున్నయెడల తప్పు నీది గాదు. శాస్త్రిగారూ, ఆ మధ్యాహ్నము మీరెచ్చట నుంటిరి?”

“సత్రంలోనే ఉన్నానండి. ఈయన కోసం చూసి చూసి కళ్లు కాయలు కాశాయి” అని యజ్ఞన్నశాస్త్రి కన్నార్పకుండఁ బలికెను.

పేరిభొట్లు తలయెత్తి శాస్త్రి మొగము చూచెను. పాదములు గడిగించుకొన్నవాఁడు, మాఱువడ్డన లడిగినవాఁడు, నేనే వచ్చి కూర్చుంటే నింకా రద్దేమిటని నవ్వినవాఁడు! ఓరి ద్రోహీ! యని లోలోపల గుండె చించుకొని యఱచెను. ఒక్కమాట చాలును. మా యింటనే భోక్తగాఁ గూరుచుండెనని చెప్పిన చాలును, తల్లియు నిల్లాలును రెండవభోక్తయు సాక్షులు. కొలువు నిలుచును, ఇల్లు నిలుచును. నోటివఱకు వచ్చిన యా మాట నోటనే నిలిచిపోయెను.

“పేరిభొట్లూ, ఇది నిజమేనా?” అని దివాను రెండుమాఱు లడిగెను. మూఁడవమా ఱడిగెను. పేరిభొట్లు తల వంచుకొనెను. మౌనమే యొప్పుకోలని యెంచి దివాను కొలువు తీసివేసి పక్షము దినములలో నిల్లు ఖాళీ చేయవలసినదని తీర్పు సెప్పెను.

కచ్చేరీ మెట్లకడ యజ్ఞన్నశాస్త్రి పరుగునవచ్చి చేయి పట్టుకొనెను.

“పేరీ, నన్ను కాపాడావురా. పిల్లలు గలవాణ్ణి. చచ్చినా మరిచిపోను.”

పేరిభొట్లు చేయి విడిపించుకొనెను. “నిన్ను కాపాడలేదు శాస్త్రీ. ఆ రోజు నువ్వు ఆడినది అబద్ధమని నలుగురిలో అన్నాననుకో, తృప్తి అయిందని నువ్వన్న మాటా అబద్ధమే అయిపోతుంది. మా నాయన ఆకలితో లేచిపోయినట్టే అవుతుంది. నీ పీక పిసకాలని నా చేతులు లాగేస్తున్నాయి. ఏం చెయ్యను? ఆ పీకలోంచే ఆయన మాట్లాడాడు.”

యజ్ఞన్నశాస్త్రి యుత్తరీయము సవరించుకొని సత్రముదారి పట్టెను.

ఇచ్చిన సెలవు నిచ్చినవారే లాగికొందురు, ఇచ్చిన కొలువు నిచ్చినవారే యూడఁబెఱుకుదురు, దాని కేమి గాని పెట్టిన యన్నము మాత్రము పెట్టినవాఁడు మరలఁ దీసికొనలేఁడు. తినినవాని కడుపులోఁ బడిన పిమ్మట నది వాని సొమ్ము. పక్షము గడువకమున్నే పేరిభొట్లు నాలుగు మూటలు గట్టుకొని తల్లిని నిల్లాలిని వెంటఁబెట్టుకొని పడవ యెక్కెను. కొలువు పోయినదని తల్లికిఁ జెప్పెను గాని యెవ్వరివలనఁ బోయెనో చెప్పలేదు. పడవ కదలఁబోవుచుండఁగా సూరమ్మ యొడ్డు పొడుగునను వెదకి వెదకి చూచెను.

“ఇంతమంది వచ్చారు, మన యజ్ఞన్న రాలేదేరా?”

“పనిలో ఉన్నాడమ్మా. సత్రంలో సెలవు దొరకలేదు.”