బావ మాట తెగిన చోట

బావ ఇనుప తలుపును కాలితో తన్నేసరికి గొళ్లెం ఊడి బల్ల కిందికి దొర్లింది. అప్పుడామె కంట్రోలర్ పెట్టె మూత తీసి, లోపలి చిన్న మరను సన్నటి స్క్రూడ్రైవర్‌తో తిప్పుతోంది. గుమ్మంలో నిలబడ్డ అతని చేతిలో లారీ జాకీ రాడ్డు ఉంది.

"లే అక్కణ్ణుంచి," అన్నాడు.

ఆమె రేడియో మెకానిక్. అతను ఆమె అక్క మొగుడు, లారీ డ్రైవరు. చదువుకునే రోజుల్లో ఆమె వాళ్లింట్లోనే ఉండేది. రేడియో పిచ్చి అంటించిందీ, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పిందీ అతనే. అక్క పోయి ఇంకా ఏడాది కాలేదు.

కొండ మీది ఆ ఒంటి గదిలో, సరదాకి రేడియోల్లో మాట్లాడుకునే ఊరి హామ్ సంఘం వాళ్ల రిపీటర్ ఉంది. కింద ఎవరైనా చేతి రేడియోలో మాట్లాడితే ఆ మాటను ఇక్కడి రిసీవర్ అందుకుంటుంది, ట్రాన్స్‌మీటర్ దాన్ని దూరాలకు పంపుతుంది. ఎప్పుడు పంపాలో, ఎప్పుడు ఆపాలో ఆ రెంటి మధ్యా ఉండి చూసుకునేది కంట్రోలర్. పాతది పిడుగుకు మాడిపోతే ఆమే కొత్తది బిగించింది. గొంతులు బొంగురుగా వస్తున్నాయని అందరూ అంటే, సరిచేద్దామని ఆ పొద్దున మళ్లీ కొండెక్కింది.

కొత్త కంట్రోలర్‌లో ఒక టైమర్ ఉంది. ఎవరైనా ఆపకుండా మూడు నిమిషాలు మాట్లాడితే అది ట్రాన్స్‌మీటర్‌ను ఆపేస్తుంది, వేడెక్కి కాలిపోకుండా. ఆ గడువును ఆమె పెంచి పెట్టగలిగేదే. కానీ బావ మైకు పట్టుకుంటే వదలడని సంఘంలో అందరూ సణుగుతుంటే, మూడు చాల్లే అనుకుంది. ఆ సంగతి అతనితో అనలేదు.

ముందురోజు సాయంత్రం అతను అక్క చివరి రోజు గురించి రేడియోలో చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఎవరితోనూ అనని మాట. టైమర్ సగంలో తెంచేసింది. బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపూ అవతలిది ఏమీ వినపడదు గనక, అది తెలియక అతను చెబుతూనే ఉన్నాడు. బటన్ వదిలాక ఎవరో, "లారీ అన్న ఇంతసేపూ గోడకి చెప్పుకున్నాడు" అన్నారు. ఇంకెవరో నవ్వారు. ఇంట్లో వింటున్న ఆమె రేడియో కట్టేసింది.

"కూచోండి బావా. చెప్తాను."

"నువ్వేం చెప్తావే. నా పెళ్లాం ఎట్లా పోయిందో చెప్పుకుంటుంటే గొంతు నొక్కావు."

"అందరికీ అంతే టైము. మీ ఒక్కరికే కాదు."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

రాడ్డు కంట్రోలర్ మీదికి లేచింది. ఆమె ఆలోచించకుండా చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు ముందు వినిపించింది, నొప్పి తర్వాత వచ్చింది. వేలాడుతున్న ఆ చేతిని చూసి అతను ఒక్క క్షణం ఆగాడు.

"లెమ్మన్నానా లేదా," అని గొణిగి మళ్లీ ఎత్తాడు.

పెట్టె రెండు దెబ్బలకు నుజ్జయింది. మూడోది ట్రాన్స్‌మీటర్ మీద పడింది. ఆమె ఎడం చేత్తో అతని చొక్కా పట్టి లాగితే, కడుపులో తన్నాడు. ఆమె బ్యాటరీల మీద పడింది. పెదవి చీలి నోరంతా రక్తమైంది. జుట్టు పట్టి పైకి లేపాడు.

"నువ్వూ నవ్వావా?"

"లేదు."

"విన్నావా?"

"విన్నాను."

"విని ఊరుకున్నావా?"

అతను ఆమె ముఖాన్ని గోడకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"వదులు బావా, చంపేస్తావు నన్ను."

వదల్లేదు. బల్ల మీద సోల్డరింగ్ ఐరన్ ఇంకా కాలుతూనే ఉంది. ఆమె ఎడం చెయ్యి దాన్ని వెతికి పట్టుకుని అతని మెడకు ఆనించి నొక్కింది. చర్మం కాలిన వాసన వచ్చింది. అతను అరిచి ఆమెనూ రాడ్డునూ వదిలేశాడు. ఆమె రాడ్డు అందుకుని మోకాలి మీద కొట్టింది. కూలబడ్డాక తల మీద కొట్టింది. అతను చాలన్నట్టు చెయ్యెత్తాడు. చెయ్యెత్తాక కూడా ఇంకొకటి వేసింది.

గదిలో ఐరన్ తాలూకు సన్నటి పొగ తప్ప ఏదీ కదల్లేదు. అతని చెవిలోంచి రక్తం కారుతోంది. ఆమె రాడ్డును బయటికి విసిరేసి, అతని నడుముకున్న చేతి రేడియో లాక్కుంది. రిపీటర్ ఇక లేదు గానీ, కొండ ఎత్తు నుంచి ఆ రేడియో నేరుగా ఊరికి అందుతుంది.

సంఘంలో ఉండే పోస్ట్‌మాన్ పలికాడు.

"కొండ మీద ఇద్దరికి దెబ్బలు తగిలాయి. మంచం లాంటిదేదైనా మోసుకురండి."

"ఎవరు కొట్టారమ్మా?"

"ఒకరినొకరం."

అతని జేబురుమాలు తీసి అతని తల గాయానికి అదిమి పట్టింది. కాసేపటికి అతను కళ్లు తెరిచాడు.

"మంచినీళ్లడిగింది మీ అక్క," అన్నాడు. "ఇవ్వొద్దన్నాడు డాక్టరు. ఇవ్వలేదు. పొద్దుటిదాకా అడుగుతూనే ఉంది. అదీ నేను నిన్న చెప్పింది."

ఆమె ఏడవలేదు, ఓదార్చలేదు. రుమాలు తడిసిపోతే తన ఓణీని పళ్లతో చింపి ఎడం చేత్తో చుట్టింది. మనుషుల గొంతులు కింది మలుపులో వినిపించేదాకా అతని తల పట్టుకునే కూచుంది.

పోలీసులకు ఇద్దరూ ఉన్నదున్నట్టు చెప్పారు. కోర్టులో ఆమెను కూడా అడిగారు, అతను చెయ్యెత్తాక ఎందుకు కొట్టారని. "ఆపుకోలేకపోయాను," అంది. ఆమెను మందలించి వదిలేశారు. అతనికి కొన్ని నెలల జైలు పడింది. కుడి చెవి వినికిడి పోయింది. ఆమె కుడిచేతి వేళ్లు రెండు ఇక మడతపడవు.

మరో కంట్రోలర్ వచ్చినప్పుడు ఆమె ఎడం చేత్తోనే తీగలు కలిపింది. మరలు పోస్ట్‌మాన్ పట్టుకున్నాడు. టైమర్ ఎంత పెట్టాలని సంఘంలో అడిగితే మూడే అంది. కానీ మాట తెగిపోయిన మనిషి బటన్ వదలగానే ఒక పొడుగాటి బీప్ వినిపించేలా అమర్చింది, చివరి మాటలు ఎవరికీ చేరలేదని తనకి తెలియడానికి. ఆ రోజు నవ్విందెవరని అందరి ముందూ అడిగింది.

బావ విడుదలై వచ్చి మళ్లీ లారీ ఎక్కాడు. రేడియో అమ్మేశాడు. ఎప్పుడైనా వీధిలో ఎదురుపడితే ఆమె "బావా" అని పిలుస్తుంది. అతను ఆగి, వినిపించే చెవి ఇటు తిప్పుతాడు. ఆమెకు ఆ తర్వాత ఏమనాలో తోచదు.