సలాకల వెంబడి పగులు

ఉడుకుతున్న పప్పులో కప్పు మీంచి సిమెంటు పెచ్చు ఊడిపడింది. కోమలవల్లి దాన్ని గరిటెతో తీసి గట్టు మీద పెట్టి పైకి చూసింది. నిరుడు పూడ్చిన పగులే, మళ్లీ నోరు తెరిచింది. పొయ్యి దగ్గర్నుంచి కూతురు పీట వేసుకుని లెక్కలు చేసుకునే మూల దాకా, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. జానెడు ఎడంలో అలాంటిదే ఇంకొకటి.

"పప్పు పారబోస్తవా ఏంది? మీదిమీద తీసేసి తాలింపు పెట్టు," అన్నది అత్తగారు రాధాబాయి.

ఆ పగులు అంత తిన్నగా ఎందుకు పోయిందో ఛత్రినాకలోని ఆ ఇంట్లో కోమలవల్లి ఒక్కతికే తెలుసు. పద్నాలుగేళ్లుగా ఆమె సర్కారు ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు పెన్సిలుతో వేసిన స్లాబు పటాలను ఇంకుతో తిరిగి గీయడం ఆమె పని. స్లాబులోని ఇనప సలాక చుట్టూ కాంక్రీటు ఇంత మందం ఉండాలని వేలసార్లు రాసిన చెయ్యి. ఆ మందం లేకపోతే చెమ్మ లోపలికి దిగి సలాక తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. లోపల చోటెక్కడిది? కాంక్రీటును తోస్తుంది, సలాక ఎటు పోతే పగులూ అటే పోతుంది. ఇదంతా ఇంట్లో చెప్పకపోలేదు. "గీసినదాని మీద గీసుడే గదా నీ కొలువు. ఇంజనీరు లెక్క మాట్లాడకు," అన్నాడు భర్త రఘునాథ్. ఆఫీసులో మాత్రం నయమా! ఒకసారి పటంలో తప్పు చూపిస్తే పెద్దసారు నవ్వి, "మీ చేతిరాత ముత్యాలేనమ్మా, అది చాలు," అన్నాడు. మర్నాటికి ఆ పటం తప్పు దిద్దుకుని వచ్చింది, ఎవరు పట్టుకున్నారన్న మాట లేకుండా.

ఆమెను కోసేది అవేవీ కావు, పదకొండేళ్ల కిందట ఈ స్లాబు పోసిన రోజు. ఆ రోజు కూలీలందరికీ ఇంటివాళ్లే అన్నం పెట్టాలి. నలభై మందికి ఒక్కతే వండింది. గంజి వార్చి పైకెక్కితే సలాకలు కింద పరిచిన చెక్కలకు అంటుకుపోయి ఉన్నాయి. "కింద రాళ్లముక్కలు పెట్టి లేపుండ్రి," అన్నది. రఘునాథ్ గడియారం చూసుకున్నాడు. ముహూర్తం దాటిపోతుందట. "నువ్వు పోయి అన్నం చూడు," అన్నాడు అందరి ముందూ. కూలీలు నవ్వారు. ఆమె పోయి అన్నం చూసింది. అట్లా పోయినందుకే తన మీద తనకు ఇప్పటికీ కోపం.

ఏటా బోనాల ముందు మేస్త్రీ మొగులయ్య వచ్చి పగుళ్లు మెత్తి సున్నం కొట్టి పోతాడు. చుట్టాల ముందు ఇజ్జత్ పోవద్దని రఘునాథ్ పట్టుదల. పెచ్చు పడిన మర్నాడు, ఆదివారం పొద్దున్నే, మొగులయ్య నిచ్చెన వేసుకుని రానే వచ్చాడు.

"మొగులన్నా, సిమెంటు కలపకు. ముందుగాల సుత్తెతోని కొట్టి చూడు," అన్నది కోమలవల్లి.

కొట్టాడు. డొల్ల. బారెడు దూరం జరిగి కొట్టాడు. అక్కడా డొల్లే.

"గిది మెత్తితె ఆగేది కాదమ్మా. నాకు నిరుడే తెలిసింది. సారు మెత్తుమన్నడు, మెత్తిన."

"ఆసరా కర్రలు నిన్ననే తెప్పించి పెరట్ల పెట్టించిన. అవి నిలబెట్టి, ఊడేదంత ఊడగొట్టు. సలాకలు కనవడాలె."

"పండుగ ముంగట ఇల్లు పీకి పందిరేస్తవా?" గుమ్మంలోంచి రాధాబాయి గొంతు.

వెనకే రఘునాథ్ పేపరు మడుచుకుంటూ వచ్చాడు. "ఏంది లొల్లి? మొగులయ్యా, మెత్తి సున్నం కొట్టు. కోమలా, నువ్వు పోయి అన్నం చూడు."

పదకొండేళ్లయినా మాట కూడా మారలేదు! కోమలవల్లికి నవ్వొచ్చింది. భయం వస్తుందేమోనని ఒక్క క్షణం చూసింది, రాలేదు.

"చూసే వచ్చిన. ముందటి అర్రల ఉడుకుతుంది," అన్నది. "మీ కుర్చీ జరిపి ఆడ స్టవ్వు పెట్టిన. కొత్త స్లాబు పడేదాంక వంట ఆడనే. చుట్టాలొచ్చినా ఆడనే."

రఘునాథ్ వెనక్కి తిరిగి చూశాడు. ముందుగదిలో, తను రోజూ పేపరు చదివే చోట, గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది.

మొగులయ్య నిచ్చెన దిగి పెరట్లోకి వెళ్లి కర్రలు మోసుకొచ్చాడు. ఒక్కొక్కటీ కప్పుకు ఆనించి బిగించాడు. మళ్లీ సుత్తె తీసుకుని, రఘునాథ్‌ను కాదు, ఆమెను అడిగాడు.

"యాడికెల్లి షురూ చెయ్యాలమ్మా?"

"నా బిడ్డ కూసునే కాడికెల్లి," అన్నది కోమలవల్లి.