బట్టీ మీద రేకులు

నడికుడి దగ్గర సున్నపు బట్టీకి ఇమాం సాహెబ్ ముప్పయ్యేళ్లుగా మేస్త్రీ. ఆయన కాల్చిన రాయి నీళ్లలో పడితే సుయ్యిమని పొంగి పొడైపోవాల్సిందే. అలాంటిది వరసగా మూడు కాల్పులు చెడ్డాయి. రాయి పైన తెల్లగా, లోపల పచ్చిగా దిగింది. నీళ్లలో వేస్తే కిమ్మనకుండా అడుక్కి పోయి కూర్చుంది. బట్టీ యజమాని గోపాలకృష్ణయ్య అందరి ముందూ నిలదీశాడు. పరువు పోతుంటే నోరు ఊరుకుంటుందా?

"పిచ్చమ్మ రాయి పెద్దగా కొడతాందండీ. లోపలిదాకా సెగ ఎట్టా పోద్ది?" అనేశాడు మేస్త్రీ.

ఇరవయ్యేళ్లుగా అక్కడే రాయి కొడుతున్న పిచ్చమ్మను మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆమె సుత్తి తీసుకుని వెళ్లిపోయింది. నాలుగు తిట్టిపోయినా బాగుండేదని ఇమాం సాహెబ్‌కు అనిపించింది.

ఆదివారం పొద్దున ఇంటర్ చదివే కూతురు హీనా కెమిస్ట్రీ పుస్తకం ముందేసుకుని జుట్టు పీక్కుంటోంది.

"ఏందే, పుస్తకంతో పోట్లాట?"

"నీ బట్టీ గొడవే నాన్నా! సున్నపురాయి కాలితే సున్నమూ, కార్బన్ డయాక్సైడూ వస్తాయి. మరి లెక్కలో రాయీ లేదు, సున్నమూ లేదు. ఆ గ్యాసు పార్షియల్ ప్రెజర్ ఒక్కటే రాశారు."

"అదేంది?"

"అక్కడున్న గాలి ఒత్తిడి మొత్తంలో ఆ గ్యాసు వంతు. ఎంత వేడికి ఎంతని దానికో హద్దుంటది. ఆ హద్దుకి చేరిందంటే, ఒకపక్క రాయి సున్నమవుతున్నా, ఇంకోపక్క సున్నం అదే గ్యాసు పీల్చుకుని మళ్లీ రాయవుద్ది. బండెడు పోసినా గంపెడు పోసినా అంతే. గ్యాసు బయటికి పోతేనే మిగతాది కాలేది."

"రాయి చిన్నగా కొడితేనో?"

"గ్యాసు పోకపోతే చిన్నదైనా కాలదు నాన్నా."

ఇమాం సాహెబ్ చేతిలో టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. సెగ వృథాగా పోతోందని, ఆ మూడు కాల్పులకు ముందు బట్టీ నోటి మీద రేకులు కప్పించింది తనే. ఆ తెలివికి తనను తనే మెచ్చుకున్నాడు కూడా! కాల్పు చెడిన ప్రతిసారీ బొగ్గు పెంచాడే తప్ప, రేకుల వంక చూస్తే ఒట్టు.

"ఏమైంది నాన్నా?"

"ఆ లెక్కలో పిచ్చమ్మ కూడా లేదమ్మా" అన్నాడు.

ఆ రోజే రేకులు పీకించాడు. పిచ్చమ్మ కొట్టి వదిలిపోయిన కుప్పనే బట్టీలోకి ఎత్తించాడు. కాల్పు దిగాక ఒక పెళ్ల తీసి నీళ్ల తొట్టిలో వేస్తే కుతకుతా ఉడికింది.

"చూశావా, ఆమెను తీసేశాక ఎంత బాగా దిగిందో!" అన్నాడు గోపాలకృష్ణయ్య.

ఊరుకుంటే అక్కడికి సరిపోయేది. మేస్త్రీ పదవీ, పరువూ రెండూ నిలిచేవి.

"ఇది పిచ్చమ్మ కొట్టిన రాయేనండీ. చెడగొట్టింది నేను, నేను కప్పించిన రేకులు" అన్నాడు ఇమాం సాహెబ్, కూలీలందరికీ వినపడేట్టు.

గోపాలకృష్ణయ్య నోటికొచ్చినట్టు తిట్టి, పిచ్చమ్మను మళ్లీ పనిలోకి పిలవమన్నాడు. ఇమాం సాహెబ్ తలొంచుకుని అన్నీ పడ్డాడు. సాయంత్రం పిచ్చమ్మ గడపలో నిలబడి జరిగిందంతా చెప్పాడు.

పిచ్చమ్మ అంతా విన్నది. "రేకుల సంగతి నీకిప్పుడు తెలిసింది. సరే. నా రాయి పెద్దది కాదని ఆ రోజే తెలవదా అన్నా? ఇరవయ్యేళ్లు పేర్చినోడివి."

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"తెలుసు" అన్నాడు.

ఆమె తలుపు మీద చెయ్యి వేసింది.

"రేపు పనిలోకొస్తా. నువ్వు మాత్రం కొన్నాళ్లు నన్ను పలకరించమాక" అని తలుపు వేసుకుంది.